యాభై ఎనిమిది మిల్లీమీటర్లు

"ఇవి పెట్టుకుని రాయి చెక్కమంటారా, ఈత కొట్టమంటారా?"

ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

ఆ ఆర్ట్ కాలేజీ శిల్పాల షెడ్డు గుమ్మంలో అడుగుపెట్టి అప్పటికి పట్టుమని రెండు నిమిషాలు కాలేదు. నా చేతిలో శాంపిల్ గాగుల్స్ ఉన్నాయి. ఆమె జుట్టు మీద, భుజాల మీద, ఆఖరికి చెవుల మీద కూడా బూడిదరంగు రాతిపొడి ఉంది. కోపంగా ఉన్న మనిషికి పౌడర్ పూసినట్టుంది. నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

మాది కళ్ళజోళ్ళ షాపు. ముందు గదిలో నాన్న కళ్ళు పరీక్ష చేస్తారు. వెనక గదిలో నేను అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. ఆ కాలేజీ స్టూడియోలన్నిటికీ ఇన్‌చార్జిగా ఉన్న మేడమ్ వారం కిందట మాకు ఫోన్ చేశారు. కళ్ళజోడు ఉన్న విద్యార్థులు ఆరుగురు ఉన్నారట. వాళ్ళ పవర్ అద్దంలోనే ఉండేలా, రాయి తగిలినా పగలని గాగుల్స్ చేసిపెట్టాలట.

ఆవిడని పిల్లలు చాటుగా గాగుల్స్ మేడమ్ అంటారని తర్వాత తెలిసింది. గ్రైండర్ ఆన్ చేసినా, సుత్తి ఎత్తినా, ప్రింట్ల గదిలో యాసిడ్ సీసా మూత తీసినా కళ్ళకు గాగుల్స్ ఉండాల్సిందే. లేకపోతే ఎవరినైనా సరే బయటికి నడిపిస్తారు. ఒకసారి ప్రిన్సిపాల్‌నే నడిపించారట. ప్రతి స్టూడియోలో కళ్ళు కడుక్కోవడానికి ప్రత్యేకంగా ఒక కుళాయి ఉంది. సోమవారం పొద్దున్నే వాటన్నిటినీ తనే తిప్పి, నీళ్ళు సరిగ్గా పైకి చిమ్ముతున్నాయో లేదో చూసుకుంటారు.

నన్ను ఈత గురించి అడిగిన అమ్మాయి శిల్పం ఫైనలియర్. సన్నగా, సూటిగా ఉంటుంది కాబట్టి షెడ్డులో అందరూ ఉలి అని పిలుస్తారు. ఆమె పవర్ మైనస్ ఆరున్నర. కళ్ళజోడు మీద మామూలు గాగుల్స్ పెట్టుకుంటే అయిదు నిమిషాల్లో ఆవిరి పట్టి ఏమీ కనపడదు. అందుకని వాటిని నుదుటి మీదికి నెట్టేసి పని చేసేది. ముందు వారం ఒక రాతి పెచ్చు ఎగిరి సొంత కళ్ళజోడు అద్దానికి తగిలింది. అద్దం మీద గోరంత గుంట పడింది. నేను వెళ్ళిన రోజు పొద్దున్నే మేడమ్ ఆ గుంట చూసి, పని మధ్యలో ఆపించారు. సరైన గాగుల్స్ వచ్చేదాకా షెడ్డులోకి అడుగు పెట్టొద్దన్నారు. ఆఖరి సంవత్సరం ప్రదర్శనకు ఇంకా ఇరవై నాలుగు రోజులే ఉంది. ఆమె రాయి సగం పనిలో ఆగిపోయి ఉంది.

ఇదంతా తెలియక నేను నవ్వు ఆపుకుంటున్నాను. ఆమెకు ఒళ్ళు మండడంలో తప్పులేదు.

ఈ శాంపిల్ మీది కాదని, మీది ముఖానికి దగ్గరగా కూర్చుంటుందని, పక్కల నుంచి దుమ్ము రాకుండా అడ్డు ఉంటుందని, గాలి ఆడటానికి సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి ఆవిరి పట్టదని వివరంగా చెప్పాను. విన్నది. ప్రశ్నలు అడిగింది. మంచి ప్రశ్నలు. చివరికి షెడ్డు బయట ఉన్న ఒక రాతి దిమ్మ మీద కూర్చుని, కానివ్వండి అంది.

అద్దాలు చెయ్యాలంటే రెండు కంటిపాపల మధ్య దూరం కొలవాలి. ముక్కు మీద చిన్న స్కేలు పెట్టి, ముందు నా ఎడమ కంట్లోకి చూడమంటాను, తర్వాత కుడి కంట్లోకి. కొన్ని వేల మందికి చేసిన పని. ముసలమ్మలు, పోలీసులు, ఏడుస్తున్న పిల్లలు, ఎవరొచ్చినా నాకు కనిపించేది మిల్లీమీటర్లే.

ఆమె నా ఎడమ కంట్లోకి చూసింది. రెప్పల వెంట్రుకల మీద కూడా రాతిపొడి ఉంది. కళ్ళజోడు తీసేసిన కళ్ళు కొంచెం బెదురుగా, చాలా నిజాయితీగా ఉన్నాయి. స్కేలు మీద గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

"ఇంకెంతసేపు చూడాలి?" అంది.

అయిపోయిందన్నాను. నిజానికి ఎప్పుడో అయిపోయింది. కార్డు మీద గబగబా అంకె వేసి పెట్టె సర్దుకున్నాను.

అంతలో వాన మొదలైంది. షెడ్డు రేకుల మీద గులకరాళ్ళు పోసినట్టు చప్పుడు. ఆమె వెళ్ళి రాయి మీద కప్పే ప్లాస్టిక్ పట్టా తెచ్చి నా నెత్తిన వేసింది. మరి మీ రాయి తడవదా అన్నాను. రాయి తడిస్తే ఏమీ కాదు, మీ పెట్టె తడిస్తే నా గాగుల్స్ ఆలస్యమవుతాయి అంది. ఆ పట్టా కప్పుకుని బస్టాపు దాకా నడిచాను. దారిలో వాళ్ళంతా నన్ను ఎందుకు వింతగా చూశారో ఇంటికి వచ్చి అద్దంలో చూసుకున్నాక అర్థమైంది. పట్టాకున్న బురదంతా నా ముఖాన ఉంది. అయినా ముఖంలో నవ్వు పోలేదు.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. ఒకరు చేసిన జోడు ఇంకొకరు అద్దాలు చూసే మిషన్ మీద పెట్టి, కార్డుతో సరిచూశాకే బయటికి వెళ్ళాలి. కాలేజీవి ఆరు జోళ్ళలో అయిదు నాన్న సరిచూశారు. ఆరోది మాత్రం నేను ముందే డబ్బాలో పెట్టేశాను. అన్నిటికంటే ముందు దాన్నే చేశాను, రెండు రోజులు తిండి ధ్యాస కూడా లేకుండా. సాయంత్రానికల్లా అందించాలన్న ఆత్రం. నాన్న అడిగితే, తొందరలో నేనే మిషన్ మీద చూసేశానని అన్నాను. చూడలేదు.

షెడ్డు దగ్గర ఉలి గాగుల్స్ పెట్టుకుని చుట్టూ చూసింది. తల ఊపింది, గెంతింది, ఊడిపోలేదు. ఆవిరి పట్టలేదు. మేడమ్ కూడా వంగి పక్కల సందుల్లో వేలు పెట్టి చూసి సరే అన్నారు.

"నేల కొంచెం దూరంగా ఉన్నట్టుంది," అంది ఉలి.

కొత్త జోడు పెట్టుకున్న ప్రతివాళ్ళకీ చెప్పే మాటే చెప్పాను. రెండు రోజుల్లో అలవాటవుతుందని. ఆమె నమ్మింది. థాంక్స్ చెప్పింది. ఆ ఒక్క మాటను నేను వారం పాటు జేబులో పెట్టుకు తిరిగాను.

వారం తిరిగేసరికి మేడమ్ ఫోన్ చేశారు. గొంతు పెంచలేదు. అందుకే భయమేసింది. ఉలికి వారం నుంచి తలనొప్పి అట. నిన్న సుత్తి దెబ్బ గురి తప్పి శిల్పంలో బొటనవేలు విరిగిపోయిందట. గాగుల్స్ తీసి బల్ల మీద పడేసి వెళ్ళిపోయిందట. అది చూసి మిగతావాళ్ళలో ఇద్దరు కూడా తమవి నుదుటి మీదికి నెట్టేశారట.

"పన్నెండేళ్ళ నుంచి ఒక్కొక్కళ్ళని బతిమాలి, తిట్టి అలవాటు చేశాను బాబూ. ఒక్క జోడుతో అంతా మొదటికొచ్చేట్టుంది," అన్నారు.

కార్డు తీశాను. పవర్ సరిగ్గానే ఉంది. దూరం దగ్గర అరవై ఎనిమిది అని ఉంది. ఏమీ అర్థం కాక నాన్న ముందు పెట్టాను.

"అరవై ఎనిమిదా? ఎవరీయన, పహిల్వానా?" అన్నారు నాన్న.

అమ్మాయి అన్నాను. సన్నగా ఉంటుందన్నాను. నాన్న కార్డు వెలుతురులో పెట్టి చూశారు. అప్పుడు నాకూ కనిపించింది. అది ఆరు కాదు, అయిదు. కంగారులో తోక చుట్టుకుపోయి ఆరులా మూసుకుపోయింది. నా రాత నేనే తప్పు చదువుకుని, ఆమె కళ్ళు లేని చోట అద్దాల మధ్యభాగం కూర్చోబెట్టాను. పది మిల్లీమీటర్ల తేడా. అంత పవర్‌లో అది తల తిరిగిపోయే తేడా.

మిషన్ మీద చూశానన్నావు కదా అని నాన్న అడిగారు. చూడలేదని చెప్పాను. ఆయన తిట్టలేదు. కార్డు నా చేతిలో పెట్టి, "ఫోన్లో చెప్పకు. వెళ్ళి చెప్పు," అన్నారు.

దారి పొడవునా మాటలు కూడబలుక్కున్నాను. ఒక్కటీ వాడుకునే అవసరం రాలేదు.

నేను వెళ్ళేసరికి మేడమ్ మీటింగులో ఉన్నారు. ఆ సందు చూసుకుని ఉలి షెడ్డులోకి వచ్చి పాత కళ్ళజోడుతోనే పని మొదలుపెట్టింది. పోగొట్టుకున్న రోజుల్ని పట్టుకోవాలని ఆమె తొందర. గ్రైండర్ పెట్టి చెక్కుతుంటే కళ్ళజోడు పక్క సందులోంచి ఒక నలుసు దూరింది. నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఎడమ కన్ను మూసుకుని వంగిపోయి ఉంది. ఒకరు ఊదుతానంటున్నారు, ఒకరు చేతిరుమాలు కొస తిప్పుతున్నారు. ఆమె చెయ్యి రుద్దడానికి కంటి మీదికి వెళ్ళింది.

ఆ చెయ్యి పట్టుకున్నాను. రుద్దొద్దన్నాను. ఊదొద్దని వాళ్ళకు చెప్పాను. నడిపించుకుంటూ కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, మీట నొక్కి, రెప్పలు విప్పి పట్టుకున్నాను. రెండు వైపుల నుంచి నీళ్ళు మెత్తగా పైకి లేచాయి. సోమవారం సోమవారం తిప్పిన కుళాయి కదా, ఒక్క చుక్క తుప్పునీళ్ళు రాలేదు. కళ్ళు అటూ ఇటూ తిప్పుతూ ఉండమని, అయిపోతుందని, ఇంకొంచెమని ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను. పదిహేను నిమిషాలయ్యాక కూడా కన్ను గరగరలాడుతోందంది. మేడమ్ పరుగున వచ్చారు. ముగ్గురం కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాం.

నలుసు నల్లగుడ్డు మీద గుచ్చుకుని ఉంది. డాక్టర్ చుక్కలు వేసి, సూదిమొనతో తీసేశారు. గీత చిన్నదే, మూడు నాలుగు రోజుల్లో మానిపోతుందన్నారు. రుద్ది ఉంటే లోతుగా దిగేదట. మేడమ్ మందుల కోసం వెళ్ళారు. ఒక కంటికి కట్టుతో ఉలి, పక్కన నేను, మధ్యలో ఒక కుర్చీ ఖాళీ.

ముందు ఆమే మాట్లాడింది. మీరేమీ అనుకోకండి అంది. అందరికీ సరిపోయిన గాగుల్స్ తనకే సరిపోలేదట. వారం నుంచి రాయి చేతికందటం లేదట. తన కళ్ళలోనే ఏదో అయిందేమోనని, ఇక చెక్కలేనేమోనని రోజూ పడుకునే ముందు భయమేస్తోందట. ఇంట్లో ఇంకా చెప్పలేదట.

"మీ కళ్ళకేమీ కాలేదు. తప్పు నాది," అన్నాను.

అంతా చెప్పాను. అయిదు, ఆరు, పది మిల్లీమీటర్లు, నాన్నతో ఆడిన అబద్ధం, ఏదీ దాచలేదు. ఆమె ఒంటి కంటితో నన్నే చూసింది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఈ రోజు పొద్దున."

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"వేలు పోతే పోయింది. రాయి కదా, ఏదో చేసుకుంటాను. ఈ వారం రోజులు నా చేతి మీద నాకే నమ్మకం పోయింది. అది నువ్వేం చేసి తిరిగిస్తావు?" అంది. వెళ్ళిపోమంది. వెళ్ళిపోయాను.

అంతవరకు మీరు అన్న మనిషి నువ్వు అందని బస్సెక్కాక గుర్తొచ్చింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడే మేడమ్‌కీ, మిగతా అయిదుగురికీ కూడా వెళ్ళి చెప్పాను. లోపం గాగుల్స్‌లో లేదు, నా రాతలో ఉందని. వాళ్ళు తమ తమ జోళ్ళు తెచ్చి సరిచూపించుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఉలి పేరు మీద కొత్త అద్దాలు తెప్పించి పెట్టాను. కొలత మాత్రం మళ్ళీ తీసుకోవాలి. అడగడానికి మొహం చెల్లలేదు.

అయిదో రోజు కట్టు విప్పేసిన కళ్ళతో ఆమే షాపుకు వచ్చింది. నాన్న లేచి స్కేలు అందుకున్నారు.

"మీరు కాదండీ. ఆయన్నే కొలవమనండి. మూడుసార్లు," అంది.

నాన్న స్కేలు నాకిచ్చి, పనేదో గుర్తొచ్చినట్టు వెనక గదిలోకి వెళ్ళారు. ఆ గదిలో ఆ వేళ ఏ పనీ లేదని నాకు తెలుసు.

మొదటిసారి యాభై ఎనిమిది వచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారి స్కేలు పెడుతుంటే అడిగింది. "ఆ రోజు అంకె వేసేటప్పుడు ఏం ఆలోచిస్తున్నావు?"

అబద్ధం ఆడితే ఏమవుతుందో అప్పటికి బాగా నేర్చుకున్నాను.

"మీ గురించి," అన్నాను.

ఆమె కళ్ళు తిప్పుకోలేదు. తిప్పుకోకూడదు కూడా, కొలత పోతుంది. బుగ్గలు మాత్రం ఎరుపెక్కాయి.

"యాభై ఎనిమిది. రాసుకో. అక్షరాల్లో రాయి," అంది.

రాశాను. ఆ జోడు నేను చూశాను, నాన్న చూశారు, మళ్ళీ నేను చూశాను. పెట్టుకోగానే ఆమె కౌంటర్ మీది పెన్ను వైపు చెయ్యి చాపింది. ఒక్కసారికే అందింది. పెన్ను తీసి కిందపెట్టి, తీసి కిందపెట్టి, నాలుగైదు సార్లు అలాగే ఆడుకుంది.

మిగిలిన పదిరోజులు ఏదో ఒక వంకతో కాలేజీకి వెళ్తూనే ఉన్నాను. పట్టీలు బిగించడానికి ఒక రోజు, వదులు చెయ్యడానికి ఇంకో రోజు. గాగుల్స్ మేడమ్ నాకు కూడా ఒక జోడు ఇచ్చి, వచ్చినప్పుడల్లా పెట్టుకోమన్నారు. ఇన్నిసార్లు వచ్చేవాడికి కళ్ళు జాగ్రత్తగా ఉండాలి కదా అన్నారు. ఉలి తల ఎత్తకుండా చెక్కుకుంటూ నవ్వింది.

ఆమె చెక్కుతున్నది రెండు చేతులు. బస్సు స్టీరింగ్ పట్టుకున్న చేతులు. అవి వాళ్ళమ్మవి. ఆవిడ సిటీ బస్సు డ్రైవర్. ముందు అనుకున్న రూపంలో బొటనవేళ్ళు రెండూ చక్రం లోపలికి చుట్టుకుని ఉండేవి. ఒకటి విరిగిపోయాక రెండిటినీ తగ్గించి, చక్రం అంచు మీద ఆనుకున్నట్టుగా మార్చింది. ఆ మార్పు తనకు నచ్చలేదని, గత్యంతరం లేక చేశానని నాతో అంది.

ప్రదర్శన రోజు వాళ్ళమ్మ రెండు ట్రిప్పుల మధ్య ఖాళీలో యూనిఫామ్‌లోనే వచ్చారు. రాయి చుట్టూ ఒకసారి తిరిగారు. తన చేతులు ఎత్తి గాలిలో స్టీరింగ్ పట్టుకుని, రాయి వైపు, చేతుల వైపు మార్చి మార్చి చూసుకున్నారు.

"ఇది నీకెలా తెలిసిందే?" అన్నారు కూతురితో. "బొటనవేలు లోపల పెట్టి పట్టుకుంటే, చక్రం గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ తిరిగి విరిచేస్తుంది. ట్రైనింగ్‌లో మొదట నేర్పేది అదే. ఇరవై ఏళ్ళుగా ఇలాగే పట్టుకుంటున్నా, ఎవరూ గమనించలేదు."

ఉలి రాయిలోని బొటనవేళ్ళ వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అంది. "ఇందులో నీకు మార్కులేమీ రావు."

తెలుసన్నాను. అయినా ఆ రోజు నాకు కడుపు నిండిపోయింది.

వాళ్ళమ్మ అప్పుడు నన్ను చూశారు. తప్పు అంకె వేసిన అబ్బాయివి నువ్వేనా అని అడిగారు. నేనేనన్నాను. మీ షాపుకు సెలవు ఏ రోజని అడిగి, మంగళవారమని చెప్పగానే వాచీ చూసుకుని బస్సు దగ్గరికి వెళ్ళిపోయారు. కంప్లయింట్ చేస్తారేమోనని నాలుగు రోజులు భయంగానే ఉన్నాను.

మంగళవారం పొద్దున సగం దించిన షట్టరు కింద నుంచి తల్లీకూతుళ్ళు వచ్చారు. ఆవిడకు దగ్గరవి చదవడం కష్టంగా ఉందట. నాన్న కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు పరీక్ష చేశారు. అక్షరాలు చదువుతూ చదువుతూ ఆవిడ మధ్యలో ఆపేశారు.

"చూడండి అన్నయ్యగారూ, తిప్పి తిప్పి మాట్లాడటం నాకు రాదు. బండి ఎవరికైనా గీరుకుంటుంది. ఎవరూ చూడకపోయినా దిగొచ్చి, నేనే గీరానని చెప్పేవాళ్ళు ఎంతమంది? మీ వాడు చెప్పాడు. మా అమ్మాయికి మీ వాడు నచ్చాడు. ఇక్కడ నాకేమీ అడ్డు కనపడలేదు. మీరేమంటారు?"

నేను ఉలి వైపు చూశాను. ఆమె గోడ మీది ఫ్రేముల్లో ఒకటి తీసి పరీక్షగా చూస్తోంది, తనకేమీ సంబంధం లేనట్టు. తర్వాత తెలిసింది, మూడుసార్లు కొలిపించుకున్న సాయంత్రమే వాళ్ళమ్మతో చెప్పేసిందట. ఇన్ని రోజులూ తెలియనిది నాకొక్కడికే.

నాన్న నెమ్మదిగా టెస్టింగ్ ఫ్రేమ్ బల్ల మీద పెట్టారు. అమ్మాయి ఇంకా చదువుతుందా అని అడిగారు. మేడమ్ స్టూడియోలోనే అసిస్టెంట్‌గా ఉండమన్నారని, వచ్చే నెల నుంచి చేరుతున్నానని ఉలే చెప్పింది. చెక్కడం మాత్రం మాననంది. మానమని ఎవరన్నారమ్మా అన్నారు నాన్న. షాపు వెనక పెరడు ఖాళీగానే ఉందని, రాళ్ళు ఎన్నైనా పడతాయని, చప్పుడుకి ఇబ్బంది పడేవాళ్ళెవరూ లేరని ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయారు. మా అమ్మ పోయాక మా ఇంట్లో చప్పుడు లేక ఆరేళ్ళయింది.

"నాకు సంతోషమే చెల్లెమ్మా," అన్నారు చివరికి. "మరి వాణ్ణి కూడా ఒక మాట అడగాలి కదా."

ముగ్గురూ నా వైపు తిరిగారు. గట్టిగా తల ఊపాను.

ఉలి చేతిలోని ఫ్రేము గోడకు తగిలించి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నోటితో చెప్పు," అంది.

చెప్పాను.